పాత అంబాసిడర్ ఇంజిన్: లోపలి పార్టుల జోడీ కుదర్చడం

పెట్టె మీద 'ప్లస్ 30', అంటే అసలు సైజు కన్నా పెద్దవి, అని ముద్ర వేసిన నాలుగు కొత్త పిస్టన్లను బల్ల మీద వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని స్కర్టును, అంటే కింది భాగపు గోడను, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచినప్పుడు, మూడింటికి 73.74 మిల్లీమీటర్లు వచ్చి నాలుగోదానికి 73.71 వచ్చింది. తేడా మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు. తల వెంట్రుక మందమంత కూడా ఉండదు. కానీ అప్పటికే సిలిండర్లు నాలుగింటినీ లేత్ షాపులో లోపల తొలిచి ఒకే కొలతకు బోరు చేసేశారు. మూడు పిస్టన్లు చక్కగా కుదిరిన చోట నాలుగోది వదులుగా కూర్చుంది. తెల్లవారి చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ప్రతిసారీ, వేడెక్కేవరకు ఆ సిలిండర్ నుంచి టకటకమనే చప్పుడు వచ్చేది. ఆ తప్పు పిస్టన్లు తయారుచేసినవారి మీదకూ, బోరు చేసినవారి మీదకూ తోయడానికి లేదు. పిస్టన్లు చేతికి రాకముందే బ్లాకును బోరింగుకు పంపించింది నేనే.

ఇంజిన్ పని అనగానే అరిగిన పార్టులు తీసి కొత్తవి వేయడమని చాలామంది అనుకుంటారు. పిస్టన్‌కు విడిగా సరైన కొలత అంటూ లేదు; అది కూర్చునే బోరుకూ దానికీ మధ్య మిగిలే ఖాళీకే సరైన కొలత ఉంది. క్రాంక్ మీద గుండ్రంగా ఉండే జర్నల్‌కూ దాన్ని చుట్టి ఉండే బేరింగు షెల్‌కూ, వాల్వు కాడకూ అది జారే గైడుకూ, వాల్వును ఎత్తే క్యామ్ లోబుకూ దాని మీద ఆనే ట్యాపెట్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. నిజానికి మెకానిక్ బిగించేది ఇనుప ముక్కలనే అయినా, అతను కట్టేది ఆ ముక్కల మధ్యనుండే కొన్ని డజన్ల ఖాళీలను.

ఈ సంగతిని మనకు బాగా తెలిసిన ఒక ఇంజిన్‌ను ఎదురుగా పెట్టుకుని చూద్దాం. హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్‌కు, తొలి రోజుల సైడ్‌వాల్వ్ ఇంజిన్ పోయాక, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బీ సిరీస్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ దశాబ్దాల పాటు గుండెకాయగా ఉంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు, క్రాంక్‌కు మెయిన్ బేరింగులు మూడే. ఇంగ్లండులో ఎంజీ మాగ్నెట్, ఎంజీఏ, ఆస్టిన్ కేంబ్రిడ్జ్ కార్లలో కూడా ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజిన్ ఉండేది కాబట్టి, వాటి మాన్యువల్స్ మనకు ఇప్పటికీ పనికివస్తాయి, కొన్ని పార్టులు అక్కడి నుంచి తెప్పించుకోవడం కూడా కుదురుతుంది. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. అదే బీ సిరీస్‌లో 76.2 మిల్లీమీటర్ల బోరుతో 1622 సీసీ, 80.26 మిల్లీమీటర్ల బోరుతో 1798 సీసీ ఇంజిన్లు కూడా వచ్చాయి. అన్నదమ్ముల పోలికలున్నా ఒకరి చెప్పు మరొకరికి పట్టనట్టే, ఫొటోలో ఒకేలా కనిపించే కనెక్టింగ్ రాడ్డు, ట్యాపెట్, గాస్కెట్ మన బ్లాకులో సరిపోతాయన్న హామీ ఏమీ లేదు. తెప్పించే ముందే పాత పార్టు కొలతలు రాసుకుని అమ్మేవాళ్లతో పోల్చి చూసుకోవాలి.

అంగుళాల్లో గీసిన ఇంజిన్ కావడంతో మన లేత్ షాపుల భాష కూడా అంగుళాల్లోనే నిలిచిపోయింది. 'టెన్, ట్వెంటీ, థర్టీ, ఫార్టీ' అంటే అంగుళంలో వెయ్యో వంతులు, అంటే థౌలు. ఒక థౌ 0.0254 మిల్లీమీటర్లు. 'థర్టీ సైజు' బోరు అంటే స్టాండర్డ్ బోరు కన్నా 0.762 మిల్లీమీటర్లు పెద్దదన్న మాట. క్రాంక్ విషయంలో అదే మాటను తిరగేసి చదువుకోవాలి: 'ట్వెంటీ' అంటే జర్నల్‌ను 20 థౌలు సన్నగా గ్రైండ్ చేశారనీ, ఆ తేడాను పూడ్చేంత మందమున్న షెల్స్ వేయాలనీ అర్థం.

విప్పుతున్నప్పుడే చేయాల్సిన పని

కొన్ని జోడీలు ఫ్యాక్టరీలోనే కుదిరిపోయి ఉంటాయి. మన పని వాటిని విడదీయకుండా చూడటమే. మెయిన్ బేరింగుల కింది సగాన్ని పట్టుకునే క్యాపులను బ్లాకుకు బిగించిన తరువాతే, క్రాంక్ కూర్చునే రంధ్రాన్ని ఒకే వరుసలో తొలుస్తారు. అందువల్ల ఒక బ్లాకు క్యాపు మరో బ్లాకుకే కాదు, అదే బ్లాకులో పక్క స్థానానికి కూడా పనికిరాదు. తిప్పి బిగించినా పనికిరాదు. కనెక్టింగ్ రాడ్డుకూ దాని క్యాపుకూ ఉన్న సంబంధం కూడా ఇలాంటిదే. ఈ ఇంజిన్‌లో రాడ్డు బిగ్ఎండ్, అంటే క్రాంక్‌ను పట్టుకునే పెద్ద చివర, తిన్నగా అడ్డంగా కాకుండా ఏటవాలుగా చీలి ఉంటుంది, పైగా రాడ్డు మధ్యగీతకు ఒక పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి ఏ రాడ్డు ఏ సిలిండర్‌లోది, ఏ వైపు ముందుకు ఉండేది అన్నది విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోకపోతే తరువాత తలపట్టుకోవాలి. నంబర్ పంచ్ ఉంటే మంచిది. లేకపోతే సెంటర్ పంచ్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు కొట్టినా చాలు. ట్యాపెట్లనూ పుష్‌రాడ్లనూ రంధ్రాలు చేసిన అట్టముక్కలో వరుస తప్పకుండా గుచ్చి ఉంచాలి. ఎందుకన్నది క్యామ్ దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మన దగ్గర తిరిగిన పాత ఇంజిన్లలో ప్రత్యేకంగా వెతకాల్సిన ఒక గాయం ఉంది. బేరింగు వదులై చప్పుడు వస్తున్నప్పుడు కొత్త షెల్స్ దొరకకనో, డబ్బు లేకనో, క్యాపు అంచులను ఆకురాయితో రుద్ది దగ్గరికి లాగి బిగించడమో, షెల్ వెనక పల్చటి రేకు ముక్క పెట్టడమో జరిగేది. ఆ పూటకు చప్పుడు ఆగి కారు ఊరు చేరేది, అందులో సందేహం లేదు. కానీ అంచు రుద్దిన క్యాపుతో రంధ్రం గుండ్రంగా ఉండదు. నిలువు కొలత తగ్గి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. దానిలో ఎంత ఖరీదైన కొత్త షెల్ వేసినా అది కూడా కోడిగుడ్డే అవుతుంది. అందుకే షెల్స్ తీసేసి, ఖాళీ క్యాపును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించి, రంధ్రాన్ని మూడు దిక్కుల్లో కొలవాలి. తేడా కనిపిస్తే ఆ రాడ్డును సరిచేయించాలి, లేదా వేరే రాడ్డు చూసుకోవాలి. మెయిన్ క్యాపు అయితే మూడింటినీ కలిపి లైన్ బోరింగ్ చేయించడమే దారి.

సిలిండర్, పిస్టన్

బోరు అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. పైన మొదటి రింగు ఆగి వెనక్కి తిరిగే చోట, మంట తగిలి నూనె పలచబడే ఆ అంగుళం మేరలో, అరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. ఆ పైన రింగు చేరని చోట అరగని అంచు ఒక మెట్టులా మిగులుతుంది. గోరు పెట్టి పైకి లాగితే గోరు ఆగే మెట్టు అదే. పిస్టన్ పక్కకు ఒత్తిడి పెట్టే దిశలో అరుగుదల మరింత ఎక్కువ కాబట్టి బోరు కింది కన్నా పైన వెడల్పుగానూ, పైభాగంలో కొంచెం అండాకారంగానూ మారుతుంది. బోర్ డయల్ గేజ్‌తో పైన, మధ్యన, కింద మూడు ఎత్తుల్లో, క్రాంక్ పొడవునా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి, ఇలా సిలిండర్‌కు ఆరు, మొత్తం ఇరవైనాలుగు కొలతలు తీసి కాగితం మీద రాసుకుంటే బ్లాకు జాతకం మొత్తం బయటపడుతుంది. నాలుగు సిలిండర్లలో అన్నిటికన్నా ఎక్కువ అరిగినదాన్ని బట్టే సైజు నిర్ణయించాలి. మూడు ట్వెంటీలో శుభ్రపడి ఒకటి పడకపోతే నాలుగూ థర్టీకి వెళ్లాల్సిందే. ఫార్టీ కూడా దాటిపోయిన బ్లాకుకు స్లీవ్ వేయించి స్టాండర్డ్‌కు తీసుకురావడం మన లేత్ షాపులకు చిరకాలంగా తెలిసిన పనే.

ఇక్కడ నేను నేర్చుకున్న వరుస ఇది: ముందు కొలతలు, తరువాత పిస్టన్ల కొనుగోలు, ఆ తరువాతే బోరింగు. వచ్చిన పిస్టన్లను కొలిచి, ఒక్కొక్కదాని కిరీటం మీద సిలిండర్ నంబరు రాసి, బ్లాకుతో పాటే వాటిని కూడా షాపులో ఇచ్చి, ప్రతి బోరునూ దాని సొంత పిస్టన్‌కు సరిపోయేలా హోనింగు, అంటే రాతితో సన్నగా రుద్దడం, చేయమని అడగాలి. ఎంత ఖాళీ ఉంచాలన్నది పిస్టన్ తయారీదారు చెప్పిన మాటే చెల్లుతుంది, ఎందుకంటే స్కర్టు ఆకారం, లోహపు మిశ్రమం మారితే ఖాళీ మారుతుంది. ఈ పరిమాణపు పిస్టన్లకు సాధారణంగా అది మిల్లీమీటరులో నూటికి నాలుగైదు వంతుల దగ్గర ఉంటుంది.

అంత చిన్న సంఖ్యల దగ్గర మన ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రపంచమంతటా కొలతలకు ప్రామాణికమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే, పోత ఇనుము బోరు సుమారు 0.018 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అల్యూమినియం పిస్టన్ దాదాపు దానికి రెట్టింపు పెరుగుతుంది. రెండూ ఒకే వేడిలో ఉన్నా మధ్య ఖాళీ 0.016 మిల్లీమీటర్లు తగ్గి కనిపిస్తుంది, అంటే మనం వెతుకుతున్న ఖాళీలో మూడో వంతు ఎండ తినేస్తుంది. ఆ సమయంలో కొలిచి 'టైట్‌గా ఉంది, ఇంకొంచెం హోన్ చేయండి' అంటే బోరు ఎప్పటికీ వదులుగానే మిగులుతుంది. బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటర్ రాత్రంతా ఒకేచోట పడి ఉన్నాక, తెల్లవారుజామున చల్లపూట కొలవడం మంచిది. వేసవిలో నేను మధ్యాహ్నం మైక్రోమీటర్ ముట్టుకోను.

రింగుల చివరల మధ్య ఖాళీని చాలామంది చూడనే చూడరు. రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దానితో రింగును సమంగా కిందికి తోసి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. 73 మిల్లీమీటర్ల బోరుకు 0.20 నుంచి 0.33 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరి. తక్కువుంటే వేడికి రింగు చివరలు ఒకదాన్నొకటి ఢీకొని రింగు విరుగుతుంది లేదా బోరును గీరేస్తుంది. బోరు చేయించకుండా రింగులు మాత్రమే మారుస్తున్నప్పుడు, ఈ కొలతను అరిగిన పైభాగంలో తీస్తే ఖాళీ ఎక్కువున్నట్టు మోసపోతాం; రింగు ప్రయాణించే దారిలో అరుగుదల తక్కువున్న కింది చోటనే తీయాలి. ఆ పరిస్థితిలో పైన మిగిలిన మెట్టును రీమర్‌తో తీసేయడం మరిచిపోకూడదు. కొత్త రింగు పదునైన అంచు దానికి తగిలి పగులుతుంది.

హోనింగు తరువాత బోరును పెట్రోలుతో తుడిస్తే శుభ్రమైనట్టు కనిపిస్తుంది కానీ కాదు. రాతి పొడి లోహపు గీతల్లోనే ఇరుక్కుని ఉంటుంది, పెట్రోలు దాన్ని కదిలించదు. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. తరువాత తెల్లగుడ్డకు నూనె రాసి తుడిస్తే గుడ్డ మీద బూడిదరంగు మరక అసలు రాకూడదు. నాకు ఏడో ఎనిమిదో సారికి గానీ రాకుండా పోలేదు.

క్రాంక్, బేరింగులు

జర్నల్‌కూ షెల్‌కూ మధ్య ఉండేది లోహపు స్పర్శ కాదు, నూనె పొర. ఆ పొర మందాన్ని నిర్ణయించేది ఖాళీయే. సాధారణంగా అంగుళం వ్యాసానికి ఒక థౌ ఖాళీ అన్నది పాత లెక్క, 47.65 మిల్లీమీటర్ల ఈ బిగ్ఎండ్ జర్నల్‌కు అది గరిష్ఠంగా 0.05 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఖాళీ కొంచెం పెరిగితే ఏమవుతుందని అడిగేవారికి ఒక్క సూత్రం చెబితే చాలు: సన్నటి సందులోంచి కారే నూనె ఆ సందు వెడల్పుతో పాటు కాక, వెడల్పు ఘనంతో పెరుగుతుంది. ఖాళీ రెట్టింపైతే నూనె కారడం ఎనిమిది రెట్లవుతుంది. నూనె పంపు ఇచ్చేది మాత్రం అంతే కాబట్టి, ఒక్క బేరింగు వదులైనా అన్నిటికీ ఒత్తిడి తగ్గుతుంది. వేడెక్కాక ఐడిలింగులో నూనె లైటు మినుకుమినుకుమనే కార్లలో చాలావాటి కథ ఇదే. చిక్కటి నూనె పోసి లైటు ఆర్పుకోవడం జ్వరమొచ్చినవాడికి దుప్పటి కప్పడం లాంటిది.

క్రాంక్‌ను ముందు పగుళ్ల కోసం చూడాలి. మాగ్నెటిక్ పరీక్ష చేసే షాపు అందుబాటులో ఉంటే అది చేయించాలి. లేకపోతే కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, క్రాంక్‌ను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో ప్రతి వెబ్ మీదా, అంటే జర్నళ్లను కలిపే పలక మీదా, తట్టి చూడాలి. గంటలా మోగితే ఆశ ఉంది, బండగా పలికితే అనుమానించాలి. ఈ తట్టుడు పరీక్ష పెద్ద పగుళ్లనే పట్టిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. తరువాత ప్రతి జర్నల్‌నూ రెండు చివరల దగ్గర, రెండు దిక్కుల్లో మైక్రోమీటర్‌తో కొలవాలి. ఒక థౌకు దగ్గరగా అండాకారం కనిపిస్తే గ్రైండింగుకు పంపాల్సిందే.

గ్రైండింగు నుంచి వచ్చిన క్రాంక్‌లో అందరూ మెరుపు చూస్తారు. చూడాల్సింది మూలలను. జర్నల్ వెబ్‌ను కలిసే చోట లోహం గుండ్రటి వంపుతో ఉండాలి. గ్రైండింగు రాయి అంచును సరిగ్గా గుండ్రంగా చెక్కకుండా పనిచేస్తే అక్కడ పదునైన మూల మిగులుతుంది. మూడే మెయిన్ బేరింగుల మీద తిరిగే ఈ క్రాంక్ ప్రతి చుట్టులోనూ కొంత వంగుతూ ఉంటుంది కాబట్టి, ఆ ఒత్తిడంతా ఆ పదును మూలలోనే పోగుపడి, నెలల తరువాత అక్కడే విరుగుతుంది. టార్చి వెలుగులో గోరు ఆ మూలలో నడిపిస్తే ఎక్కడా గీత తగలకూడదు. వంపు మరీ పెద్దదైనా చిక్కే, షెల్ అంచు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. లోపలి నూనె దారుల ప్లగ్గులు తీయించి, గ్రైండింగు పొడినీ ఏళ్ల తరబడి గడ్డకట్టిన మడ్డినీ గన్ బ్రష్షుతో కడిగించడం కూడా ఈ దశలోనే చేయాలి.

ఇప్పుడు షెల్. దాని వెనక ముద్రించిన సైజు చదవాలి కానీ దాన్నే నమ్ముకోకూడదు. రాడ్డులో షెల్స్ పెట్టి, టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించి, లోపలి వ్యాసాన్ని చీలిక దిశలో కాకుండా దానికి అడ్డంగా కొలిచి, అందులోంచి జర్నల్ వ్యాసాన్ని తీసేస్తే నిజమైన ఖాళీ తెలుస్తుంది. బిగించకముందు షెల్ అంచులు క్యాపు అంచు కన్నా రవ్వంత పైకి నిలబడి ఉంటాయి. అవి బిగింపులో నలిగి వెనక గోడకు గట్టిగా అతుక్కోవడానికే అలా చేస్తారు. 'పైకి ఉన్నాయి' అని వాటిని రుద్దేస్తే షెల్ తన ఇంట్లో తానే తిరగడం మొదలుపెడుతుంది. లోపలి మైక్రోమీటర్ లేనివారికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనపు దారం ఉంది. దాన్ని పొడి జర్నల్ మీద పెట్టి, క్యాపు బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, చదునైన దారం వెడల్పును కాగితపు స్కేలుతో పోలిస్తే ఖాళీ ఎంతో తెలుస్తుంది. దీన్ని రెండో సాక్ష్యంగా వాడుకోవడం మేలు.

క్రాంక్ ముందుకూ వెనక్కూ జరిగే ఆట విషయంలో మధ్య మెయిన్ బేరింగుకు రెండు వైపులా ఉండే థ్రస్ట్ వాషర్లే కాపలాదారులు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు నెట్టబడుతుంది, ఆ తోపును మోసేది ఇవే. నూనె గాడులున్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే కొద్ది రోజుల్లోనే వాషర్ తినేసుకుపోయి క్రాంక్ బ్లాకును కొరుకుతుంది. ఆట ఎంతుందో డయల్ గేజ్‌తో చూడాలి. రెండు మూడు థౌలు చాలు. ఈ ఇంజిన్ వెనక చివర రబ్బరు సీలు లేదు, నూనెను తిరిగి ఇంజిన్ లోపలికి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంది. వెనక మెయిన్ బేరింగు వదులైతే ఆ గాడి తన చుట్టూ ఉన్న గోడకు మధ్యలో నిలవదు. క్లచ్ హౌసింగు కింద చుక్కచుక్కగా కారే నూనెకు ఎన్ని గాస్కెట్లు మార్చినా ఫలితం లేకపోవడానికి తరచుగా ఇదే కారణం.

రాడ్ల బరువు

నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు ఒకదాని బరువును ఒకటి సరిదిద్దుకునేలా అమర్చిన ఇంజిన్‌లో, ఒకటి బరువెక్కితే ఆ తేడా వణుకుగా బయటికి వస్తుంది. ఎంత వణుకన్నది లెక్క కట్టి చూడవచ్చు. నిమిషానికి 4200 చుట్ల దగ్గర, 88.9 మిల్లీమీటర్ల స్ట్రోకు, 165.1 మిల్లీమీటర్ల రాడ్డు ఉన్న ఈ ఇంజిన్‌లో పిస్టన్ పైకొన తాకేటప్పుడు దాని త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 1100 రెట్లుంటుంది. పది గ్రాముల అదనపు బరువు ఆ క్షణంలో పదకొండు కిలోల బరువులా లాగుతుంది, సెకనుకు డెబ్భై సార్లు. కిరాణా కొట్టు తూకం యంత్రంతోనైనా సరే, గ్రాము వరకు చూపిస్తే చాలు, పిస్టన్లను పిన్నుతో సహా తూచి అన్నిటికన్నా తేలికైనదాని స్థాయికి మిగతావాటిని తేవాలి. పిస్టన్ లోపల పిన్నును మోసే బాసుల కింద బలానికి సంబంధం లేని చోట మాత్రమే లోహం తీయాలి. రాడ్ల విషయంలో మొత్తం బరువు సరిపోతే సరిపోదు, పెద్ద చివర ఒక బరువు, చిన్న చివర ఒక బరువు విడివిడిగా సరిపోవాలి, ఎందుకంటే ఒక చివర గుండ్రంగా తిరుగుతుంది, రెండోది పైకీ కిందికీ పోతుంది. ఒక చివరను తూకం మీద, మరో చివరను దారంతో వేలాడదీసి తూచడం కుదురుతుంది.

ఈ ఇంజిన్ రాడ్డు చిన్న చివరలో గడ్జన్ పిన్నును ఒక బోల్టు బిగించి పట్టుకుంటుంది. పిన్నులోని గాడిలో ఆ బోల్టు సరిగ్గా కూర్చోవాలి. బోల్టు సరిగ్గా బిగియకపోతే పిన్ను పక్కకు జరిగి బోరు గోడను నిలువునా చెక్కేస్తుంది. రాడ్డు వంగి ఉందేమో జిగ్ మీద పెట్టి చూడటం కూడా ఇక్కడే: పాత పిస్టన్ స్కర్టు మీద అరుగుదల మచ్చ ఒక మూల నుంచి ఎదురు మూలకు వాలుగా ఉంటే రాడ్డు వంగిందనడానికి అదే వాంగ్మూలం.

క్యామ్, ట్యాపెట్ల సంబంధం

జోడీ అన్న మాటకు ఇంజిన్ మొత్తంలో ఇంతకన్నా కచ్చితమైన ఉదాహరణ లేదు. ట్యాపెట్ అడుగు చూడటానికి చదునుగా ఉన్నా నిజానికి అతి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. క్యామ్ లోబు కూడా పొడవునా అతి కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. ఈ రెండింటి వల్ల ట్యాపెట్ ప్రతి ఎత్తులోనూ కొంచెం తిరుగుతుంది, అరుగుదల ఒక్క గీత మీద పడకుండా ముఖమంతా పరుచుకుంటుంది. వేల కిలోమీటర్లు కలిసి తిరిగాక ఒక్కో లోబూ దాని ట్యాపెట్టూ ఒకదాని ఆకారానికి మరొకటి మలచుకుంటాయి. పాత క్యామ్‌తో పాత ట్యాపెట్లు వాడదలిస్తే ప్రతిదీ తన పాత రంధ్రంలోకే వెళ్లాలి. ఆ అట్టముక్క అవసరం ఇప్పుడు తెలిసిందనుకుంటాను. కొత్త క్యామ్ వేస్తే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు. ట్యాపెట్ అడుగున మచ్చలు, గుంటలు కనిపించినా, స్టీలు స్కేలు అంచు ఆనిస్తే మధ్యన గుంట పడి వెలుగు కనిపించినా దాన్ని పక్కన పెట్టేయాలి.

హెడ్ గురించి క్లుప్తంగా

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌లో, వాల్వు కాడ గైడులో అటూ ఇటూ ఊగితే, వాల్వు కూర్చునే సీటును ఎంత బాగా ల్యాప్ చేసినా, అంటే రుద్ది కుదిర్చినా, అది నిలవదు, అందుకే గైడు ముందు, సీటు తరువాత. మన దేశంలో 2000లో సీసం లేని పెట్రోలు పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందటి హెడ్‌లోని పోత ఇనుము సీట్లు సీసం ఇచ్చిన రక్షణ మీద ఆధారపడ్డవి కాబట్టి, బాగా తిప్పే కారుకు ఎగ్జాస్ట్ వైపు గట్టి ఇన్‌సర్ట్ సీట్లు వేయించడం మంచిది. రాకర్ అంచు వాల్వు మీద తగిలే చోట గాడి పడి ఉంటే ఫీలర్ గేజ్ ఆ గాడి మీద వంతెనలా నిలబడి, ఉన్న ఖాళీ కన్నా తక్కువ చూపిస్తుంది; చూపినంత నమ్మి సెట్ చేసిన ట్యాపెట్లు చప్పుడు చేస్తూనే ఉంటాయి.

హెడ్ అడుగును చదును చేసే ఫేసింగు చేయించాక నాలుగు దహన గదుల పరిమాణం ఒకేలా ఉందో లేదో చూడాలి. వాల్వులు, ప్లగ్గులు బిగించి, గాజు పలక గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో పలుచటి నూనె నింపితే సీసీల్లో తెలుస్తుంది. 7.2 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 372 సీసీ, పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 60 సీసీ. ఒక గదిలో రెండు సీసీలు తక్కువైతే ఆ సిలిండర్ నిష్పత్తి 7.4కి చేరుతుంది. బోరును ఫార్టీ సైజుకు పెంచినా దాదాపు అంతే పెరుగుదల వస్తుంది, అప్పుడు ఇంజిన్ 1531 సీసీ అవుతుంది. అయితే అది నాలుగింటికీ సమానంగా పెరగడం వల్ల ఇబ్బంది లేదు. ఒక్కదానిలో పెరిగితే ఆ ఒక్కటే ముందుగా నాకింగు, అంటే మంట అదుపు తప్పి వచ్చే చప్పుడు, మొదలుపెడుతుంది.

కూర్చే క్రమంలో

మెయిన్ బేరింగుల మీద క్రాంక్‌ను మాత్రమే బిగించి చేత్తో తిప్పితే, నూనె తడిలో అది ఆగకుండా మృదువుగా తిరగాలి. ఒక్కో క్యాపు బిగించిన తరువాత ఒకసారి తిప్పి చూస్తే, ఎక్కడ పట్టుకుందో అప్పటికప్పుడే తెలుస్తుంది. మూడూ బిగించేశాక వెతకడం కష్టం. టైమింగ్ చైను రెండు స్ప్రాకెట్ల మధ్య వంకర లేకుండా పోతోందో లేదో స్కేలు ఆనించి చూసి, అవసరమైతే క్రాంక్ స్ప్రాకెట్ వెనక పల్చటి వాషర్లు పెట్టి సరిచేయాలి. నూనె పంపు రోటర్ల మధ్య, రోటర్‌కూ మూతకూ మధ్య ఖాళీని చూసి, బిగించేముందు దాన్ని నూనెతో నింపాలి, లేకపోతే మొదటి స్టార్టులో పంపు గాలినే తిప్పుతుంది.

తరువాత పిస్టన్లు ఒక్కొక్కటిగా లోపలికి వెళతాయి. రింగుల రాపిడి వల్ల ప్రతి పిస్టన్‌తోనూ క్రాంక్ తిప్పడం కొంచెం కొంచెం బరువెక్కుతుంది. నేను క్రాంక్ ముందు చివరి బోల్టుకు టార్క్ రెంచ్ పెట్టి, ప్రతి పిస్టన్ తరువాత తిప్పడానికి ఎంత బలం పట్టిందో నోటుపుస్తకంలో రాస్తాను. మొదటి మూడింటికీ పెరుగుదల దాదాపు ఒకేలా ఉండి, నాలుగోదాని దగ్గర ఒక్కసారిగా రెట్టింపైతే, హెడ్ బిగించాలన్న తొందరను అక్కడే ఆపుకుని, ఆ క్యాపు రెండు నట్లూ విప్పి, ఆ పిస్టన్‌ను మళ్లీ బయటికి తీసి బల్ల మీద పెట్టాలి.